పురుగు తిన్న తూర్పు హద్దు

పదిన్నరకి వచ్చి
నిమ్మగడ్డి నూనె సీసా మూత తీస్తాను.
తిరుపతిలో అందరి చేతులూ
కర్పూరమో నెయ్యో వాసనేస్తాయి.
నా చేతులు ఇరవై రెండేళ్ళుగా
దోమల మందు వాసన.

పని పెద్దదేం కాదు.
దారం లాగే ముందు ఆకులు లెక్కపెట్టాలి,
మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి,
గంటం గీసిన గాట్లలోకి మసి పూసి
పాత పంచె గుడ్డతో తుడవాలి.
అప్పుడు అక్షరాలు
పొద్దెక్కాక లేపిన పిల్లల్లాగా
మొహం చిట్లించుకుని లేస్తాయి.

ఇక్కడికి పండితులొస్తారు. ఫ్యాను తిరగట్లేదంటారు,
వ్యాకరణం అడుగుతారు, వెళ్ళిపోతారు.

మంగళవారం మునిలక్షుమ్మ వచ్చింది.
చంద్రగిరి అవతల పల్లె.
గుడ్డ సంచిలో మీసేవ రశీదు, ప్లాస్టిక్ తొడిగిన ఆధార్ కార్డు,
ఎవరో చీటీ మీద రాసిచ్చిన కట్ట నంబరు.
"మా నీరుగంటి మాన్యం తాటాకులో ఉండాదంట సామీ.
యాడుండాదో రవ్వంత చూడు."

నాలుగొందల పదిహేడు.
జాబితాలో దాని పేరు: వైద్యం, అసంపూర్ణం.
పై పదకొండు ఆకులూ నిజంగానే
పైత్యానికీ చలిజ్వరానికీ కషాయాలు.
పన్నెండో ఆకు పొట్టిది. రాసిన చెయ్యి వేరు.
ఎవడో తెలివైనవాడు
నేలని జ్వరాల మధ్య దాచిపెట్టాడు.

తప్పులు దిద్దకుండా చదివాను.
ప్రమోదూత సంవత్సరం
(ఏ ప్రమోదూతో ఆకు చెప్పదు)
చెరువు తూము యెత్తి దించి కాచే
చెన్నంగి కొడుకు బయ్యన్నకు
అయిదు తూముల విత్తనం పట్టే చేను.
తూము కాసినవాడికి తూముల లెక్కనే కూలి!
కొడుకులూ మనమలూ అనుభవించేది,
సూర్యుడూ చంద్రుడూ వున్నన్నాళ్ళూ.
దక్షిణం యేటి కాలువ.
పడమర కుమ్మరి దిబ్బ.
వుత్తరం నామం చెక్కిన గుండు.
తూర్పు

తూర్పు లేదు.
తూర్పు ఉండాల్సిన చోట ఒక బెజ్జం.
వెలుతురుకెత్తి పట్టుకుంటే
అందులోంచి ట్యూబులైటు కనిపించింది.

చివర శాపం మాత్రం
నిన్న రాసినట్టుంది:
ఈ నేల హరించినవాడు
అరవై వేల యేండ్లు
పెంటలో పురుగై పుట్టును.

మళ్ళీ చదవమంది. చదివాను.
కళ్ళజోడు లేదు, అక్షరం రాదు,
అయినా ఆ బెజ్జంలోకి
చాలాసేపు చూసింది.
"అయితే వాడే సామీ ఇది.
పుట్టినాడు.
పురుగై పుట్టి గూడా
మా మాన్యమే తింటా ఉండాడు."

నవ్వాను. నవ్వాక
కుంచె కింద పెట్టాల్సి వచ్చింది.
ఇన్నేళ్ళలో ఎన్ని పురుగుల్ని చంపానో,
ఒక్కడినీ పేరడగలేదు.

ఇప్పుడా తూర్పున ఏముందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
బస్సులో పోతూ చూసిందే:
నాలుగు వరసల రోడ్డు, లాడ్జీ,
యాత్రికులకి వేడినీళ్ళు ఉచితమనే బోర్డు.
హద్దు పోయిన కాగితానికి
ఎవడి తూర్పు వాడిది.

"మా అవ్వ చెప్పేది," అంది లేస్తూ,
"తూర్పున తంగేటివంక అని."
చెప్పింది రాయడానికి వీల్లేదమ్మా అన్నాను.
ఉన్నది రాయాలి, లేనిచోట చుక్కలు పెట్టాలి.
ఇక్కడి పద్ధతి అది.
ఆమె కోప్పడలేదు. ఆఫీసులు తెలిసిన మనిషి.

స్కేలు తీసి బెజ్జం కొలిచాను.
పక్క అక్షరాల వెడల్పు కొలిచాను.
తం. గే. టి. వం. క.
మళ్ళీ కొలిచాను.

నకల్లో
తూర్పు అని ఉంచి
పక్కన అయిదు చుక్కలు పెట్టాను.
నాలుగు కాదు. ఆరు కాదు.
పెన్ను గట్టిగా నొక్కి, వెనక పేజీలో తగిలేట్టు.
కింద సంతకం, గుండ్రటి ముద్ర.

ఆమె వెళ్ళాక
ఆ బెజ్జంలో నూనె
రెండు బొట్లు ఎక్కువే వేశాను.
ఆకు వయసు మూడొందలనుకున్నా
వాడికింకా
యాభై తొమ్మిది వేల ఏడొందల ఏళ్ళుంది.